శుక్రమౌఢ్యంలో పెరుగు

కాకరకాయ వేపుడు రోజు

ఇందుమూలంగా ఉట్టి ఊరి పిల్లా పెద్దా, ముసలీ ముతకా, గాలిసంచులు కుట్టేవాళ్ళూ, ఆ సంచుల మీదే కాళ్ళు చాపి నిద్రపోయేవాళ్ళూ సమస్తమైనవారికీ చాటించడమేమనగా: భోజనాల బంతిలో 'పెరుగు' అనే మాట ఎవరూ పలకరాదు. 'మజ్జిగ' అని సణగరాదు. 'ఆవడ' అని నిద్దట్లో కూడా కలవరించరాదు. చారన్నం అయ్యాక అలవాటు కొద్దీ అన్నం మధ్యలో గుంట చేసి వడ్డించేవాడి మొహంలోకి ఆశగా చూడరాదు. చూసినవాళ్ళ గుంటలో మళ్ళీ చారే పోయబడును.

ఇది ప్రెసిడెంటు దాలినాయుడు గారి ఆజ్ఞ. ఆయన మూడుసార్లు చెప్పాడు. ఆయన ఏదైనా మూడుసార్లే చెప్తాడు. రాసింది మాత్రం నేను, వడ్డన గవర్రాజుని. మా ఊళ్ళో వడ్డన ఎవరిదైతే దినచర్య రాసే పనీ వాళ్ళదే. రాసింది వారానికోసారి బంతిలో పైకి చదవాలి. ఎవరు సరిగ్గా తిన్నారో, ఎవరు అలిగి ఆకు మడిచారో ముందుగా తెలిసేది గరిటె పట్టినవాడికే కదా. నా చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది, నోరు మాత్రం ఆగలేదు. తారీఖులు నాకు గుర్తుండవు, కూరలు గుర్తుంటాయి. అందుకని ఇందులో రోజులకి కూరల పేర్లే.

పెరుగు మీద ఇంత రాద్ధాంతం ఎందుకంటే, ఫ్రిజ్ గది చెడిపోయి ఊరి తోడు మొత్తం చచ్చిపోయింది. పాలున్నాయి, తోడు లేదు. కింద నేల మీద అయితే పక్కింటికి గిన్నె పట్టుకెళ్తారు. మేం శుక్రగ్రహం మబ్బుల మీద గాలిసంచులకి ఉట్టిలా వేలాడుతున్న ఊరివాళ్ళం. మా పక్కిల్లంటే తూనీగ అనే ఇంకో వేలాడే ఊరు. గాలి ఏ అక్షాంశంలో ఎలా తోస్తే అలా తిరుగుతుంది, ఎప్పుడో గానీ దగ్గరికి రాదు. వచ్చినా లాభం లేదు. తూనీగవాళ్ళు టీలో కూడా కొబ్బరిపాలు పోసుకునే రకం.

పెరుగు పోయినప్పటి నుంచీ పిల్లల కడుపులు కుదురుగా లేవు. పెద్దల బుర్రలు అంతకన్నా కుదురుగా లేవు.

బీరకాయ పప్పు రోజు

రేడియో గది చూసే నూకరత్నం గారు ఒక దారి చెప్పారు. తోడులో ఉండే పురుగు తాలూకు జన్యురాత భూమ్మీద ఒక ల్యాబులో ఉంది. దాన్ని రేడియోలో పంపిస్తే ఇక్కడ మన మెషీను ఆ రాత చూసి పురుగుని తయారుచేస్తుంది. కాకపోతే అక్షరం పొల్లు పోకుండా రావాలి. భూమి నుంచి వచ్చే మా పిన్ని గొంతులో రెండు మాటలు ఎగిరిపోయినా అది నన్ను తిడుతోందని అర్థం చేసుకోగలను. ఈ రాతలో ఒక్క అక్షరం మారితే పెరుగు బదులు బంక తోడుకోవచ్చు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మౌఢ్యం మొదలవుతోంది. భూమ్మీదవాళ్ళు శుక్రుడు సూర్యుడి చాటుకి వెళ్ళాడని పెళ్ళిళ్ళు ఆపుకుంటారు. ఆ చాటుకి వెళ్ళేది మేమే. మధ్యలో సూర్యుడు నిలబడి తుమ్ముతుంటాడు. తుమ్మినప్పుడల్లా రేడియోలో వచ్చేదాంట్లో ఒక పెద్ద ముక్క కొట్టుకుపోతుంది. మౌఢ్యం విడిచేదాకా ఆగుదామంటే రెండు నెలల పైమాటే.

పొయ్యే ముక్కల్ని ఎలా కాపాడుకోవాలో ముందే తేల్చుకుని, భూమ్మీద స్టేషనువాళ్ళతో ఒప్పందం చేసుకోవాలి. పంపేవాళ్ళూ విప్పేవాళ్ళూ ఒకే పద్ధతిలో ఉండాలి. మౌఢ్యం ముదిరాక పద్ధతి మార్చుకుందామన్నా మాట అటు చేరదు. సాయంత్రం పంచాయితీ పెట్టారు.

దాలినాయుడు గారు ప్రతి మాటనీ మూడుసార్లు పంపమన్నాడు. ఏ రెండు కలిస్తే అదే నిజమన్నాడు. దీన్ని కూడా మూడుసార్లు అన్నాడు. పాదులు పెంచే షెడ్డువాళ్ళు, పోయిన ముక్కని మళ్ళీ పంపమని అడుగుదామన్నారు. అడిగిన మాట వెళ్ళి జవాబు రావడానికి అన్నం ఉడికి చల్లారిపోయేంత సేపు పడుతుందని, ఆ అడిగిన మాట మీద కూడా సూర్యుడు తుమ్మొచ్చని రత్నం గారు చెప్పారు. ప్రెసిడెంటు పద్ధతికీ ఆవిడ దగ్గర జవాబుంది. మూడుసార్లూ ఒకదాని వెనక ఒకటి చెప్తే పెద్ద తుమ్ము ఒక్కటి చాలు, మూడూ పోతాయి. పైగా మూడింతల సమయం దండగ.

ఆవిడ పద్ధతి వేరు. రాతని ముక్కలు చేసి, ముక్క ముక్కకీ కొన్ని సాక్షి అక్షరాలు కలపాలి. ఏదైనా అక్షరం పోతే మిగతావాటినీ సాక్షుల్నీ చూసి పోయిందేమిటో మెషీను చెప్పేస్తుంది. అయితే ఒకే ముక్కలో చాలా పోతే సాక్షులు కూడా చేతులెత్తేస్తారు. అందుకని అన్ని ముక్కల అక్షరాల్నీ కలగలిపి పంపాలి. తుమ్ము ఒక్క ముక్కని మింగకుండా, అన్నిట్లోంచీ తలా ఒక అక్షరం మాత్రమే తీసుకుపోవాలి.

జనానికి సగం అర్థం కాలేదు. అర్థమైన సగం నచ్చలేదు. సాక్షులకి చోటివ్వాలంటే భూమి నుంచి వచ్చే అయినవాళ్ళ కబుర్లు తగ్గించాలి. పైగా కలగలిపి పంపినది మొత్తం వచ్చేదాకా ఏమీ విప్పలేం. రోజూ వినే అమ్మ గొంతు ఇక ఐదారు రోజులకోసారి ఒక్క గుత్తగా వస్తుంది. ఒకావిడ లేచి, పెరుగు కోసం మా అమ్మని నోరు మూసుకోమంటారా అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

రత్నం గారికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "ఈ పద్ధతి పెట్టి నేను తోడు తేలేకపోతే రేడియో గది తాళం ప్రెసిడెంటు గారికి ఇచ్చేస్తాను. ఈసారి తూనీగ దగ్గరికి వచ్చినప్పుడు అటు ఎక్కేస్తాను. వాళ్ళు ఎప్పటినుంచో రమ్మంటున్నారు" అన్నారు.

నా చేతిలో గరిటె జారింది. ఊళ్ళో ఎవరూ చూడలేదనుకుంటాను.

గోంగూర రోజు

ఊరు ఒప్పుకోవాలంటే చెవిలో చెప్తే లాభం లేదు, ఆకులో చెప్పాలి. రత్నం గారు చెప్పింది నాకు కొంచెం అర్థమయ్యాక మిగతాది ఆవిణ్ణే అడిగి తెలుసుకున్నాను. ఆవిడ నన్ను ఏదైనా మూడు రకాలుగా అడుగుతారు. నా మాటల్లో మూడింట రెండు కోతలని ఆవిడ లెక్క. మూడు జవాబులూ కలిస్తేనే నమ్ముతారు. అర్థమైందా అని ముందు అడిగారు, తిరిగి చెప్పమన్నారు, వేరే ఉదాహరణతో చెప్పమన్నారు. చెప్పాను. మొదటిసారి నా వైపు తలెత్తి చూశారు.

మధ్యాహ్నం వడ్డన తిరగేశాను. మామూలుగా మేం ఒక్కో వంటకాన్నీ బంతి ఈ చివర నుంచి ఆ చివర దాకా వడ్డిస్తాం. పప్పు బకెట్టు వెళ్ళాక కూర, తర్వాత పులుసు. ఇవాళ అలా కాకుండా ఒక్కో మనిషికీ అన్నీ కలిపి ఒకే పళ్ళెంలో సర్ది, పళ్ళేలన్నీ పెద్ద ట్రేలో పెట్టుకుని బయలుదేరాను. ప్రెసిడెంటు గారి దగ్గరికి రాగానే నా కాలు తడబడింది. నా కాలు అంత చక్కగా తడబడడం నేనే ఎప్పుడూ చూడలేదు. ఆయన వాటా, ఆయన బావమరిది వాటా, షెడ్డు పెద్దాయన వాటా మొత్తం నేల పాలయ్యాయి. మిగతా అందరికీ నిండు భోజనం. ఆ ముగ్గురికీ ఖాళీ ఆకు.

ఏడింటికి రెండో బంతి. అందులో మామూలు వరసే. పప్పు, కూర సవ్యంగా వెళ్ళాయి. పులుసు బకెట్టు సగం దూరం వెళ్ళాక మళ్ళీ నా కాలు. ఈసారి కొందరికి పులుసు లేదు, అంతే. పక్కవాళ్ళ ఆకులో చూసి ఏం పోయిందో చెప్పగలిగారు. ఆకలితో ఎవరూ లేవలేదు. ఆకంటే రాతలో ఒక ముక్క, వంటకమంటే అందులో ఒక అక్షరం అని అప్పుడు చెప్పాను.

దాలినాయుడు గారు మూతి తుడుచుకుని, "ఒరే గవర్రాజూ, మజ్జానం నన్ను కావాలనే పస్తు పెట్టావు గదరా" అని మూడుసార్లు అన్నాడు.

కావాలనే అన్నాను.

"సూర్యుడు కూడా ఇలాగే పడేస్తాడంతావు."

సూర్యుడికి అంత వేళాకోళం తెలీదు గానీ పడెయ్యడం మాత్రం ఖాయమన్నాను. అమ్మ గొంతు కోసం అడిగిన ఆవిడ కూడా ఆలోచించింది. తలా కొంచెం పోవడమే నయం, మా అమ్మ ఐదు రోజుల తిట్లు ఒక్కసారే వింటాను లెమ్మంది. చేతులు లేచాయి. రత్నం గారి పద్ధతే ఖాయం.

వంకాయ రోజు

రేడియో అప్పటికే గుసగుసలాడుతోంది. భూమ్మీద స్టేషనులో మనతో మాట్లాడేది కర్నూలు వైపు మనిషి, ఓబులేసు. పొడుగాటి పట్టికలు పంపే వీల్లేదు. కలగలిపే వరస ఎలా అని అతను అడిగినట్టు వినబడింది. రత్నం గారు ఒక్క ముక్కలో చెప్పారు: "బంతిలో వడ్డన ఎలా వెళ్తుందో అలా." అన్నం ఉడికి చల్లారాక అటు నుంచి నవ్వు, తర్వాత "సరేనక్కా, వడ్డన వరసే" అన్న మాట వచ్చాయి. ఆ తర్వాత హోరే.

అంతలో బయట యాంటెన్నా గిన్నె తాడు వదులైంది. ఆవిడ ముసుగు తొడుక్కుని సంచి మీదికి పరిగెత్తుతూ మెషీనుకి వరస ఎక్కించమని నాకు చెప్పారు. ఎన్ని బకెట్లో ఏ వరసలోనో నాకే బాగా తెలుసట. తిరిగొచ్చాక ఎక్కించారా అని అడిగారు. ఎక్కించానన్నాను. ఒక్కసారే అడిగారు. మూడుసార్లు కాదు.

ఊళ్ళో నా మాట ఒక్కసారికే నమ్మిన మనిషిని అంతకు ముందు చూడలేదు. ఆ రోజు వంకాయలో ఉప్పు రెండుసార్లు వేశాను.

సొరకాయ రోజు

మొదటి గుత్త వచ్చింది. మెషీను విప్పడానికి కూర్చుని, ఎర్ర దీపం వెలిగించింది. లోపల అంతా గందరగోళం. సాక్షులు ఒకరి మాట ఒకరు ఒప్పుకోవడం లేదు. తొలిరోజు కదా అన్నారు రత్నం గారు.

బంతిలో ఈ మధ్య ఒక విడ్డూరం. రేడియో గది తలుపు పక్కన, చివరి ఆకు దగ్గర కూర్చునే బంగారమ్మ మామ్మ చారన్నం తిన్నాక లేవడం లేదు. అందరూ చేతులు కడుక్కుంటారు, ఆవిడ మాత్రం ఆకు ముందు అలాగే కూర్చుంటుంది. చాటింపు వినలేదా అని అడిగితే, నేను నోరెత్తానా అంటుంది. నిజమే, ఎత్తలేదు. చాటింపులో కూర్చోరాదని రాయడం మరిచిపోయాను.

దొండకాయ రోజు

రెండో గుత్త. ఎర్ర దీపమే. అమ్మల గొంతులు కూడా అందులోనే కలిసి వచ్చాయి గనక అవీ లేవు. ఊరు మౌనంగా తింటోంది. మౌనంగా తినే ఊరికి వడ్డించడం కన్నా కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టుకోవడం నయం.

షెడ్డువాళ్ళు నన్ను చూసి, ఏం గవర్రాజూ, మా ఆకుల్లో పులుసు పడిందో లేదో గానీ సూర్యుడు మీ ఇద్దరికీ తలంటి పోశాడు అన్నారు. నేను అడక్కుండానే వాళ్ళకి రెండో గరిటె కూర వేశాను. అది చూసి వాళ్ళకే భయమేసింది.

రత్నం గారు యాంటెన్నా మూడుసార్లు దించి ఎక్కించారు. వచ్చిన హోరంతా దాచిపెట్టారు, తప్పెక్కడో దొరికితే మళ్ళీ విప్పొచ్చని. లెక్కలన్నీ తిరగేశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తాళం చెవికి ఎర్ర దారం కట్టడం చూశాను. ఇంకొకరికి అప్పగించే తాళాలకి మా ఊళ్ళో అలా దారం కడతారు. తూనీగ అప్పటికే మబ్బుల అవతల చుక్కలా కనబడుతోంది.

నాతో ఎక్కువ మాట్లాడలేదు. తూనీగలో వడ్డన ఎవరు చేస్తారో తెలుసా అని మాత్రం అడిగారు. అక్కడ ఎవరి గిన్నె వాళ్ళే పెట్టుకుంటారట అన్నాను. "అదేం భోజనం" అన్నారు.

ములక్కాడ రోజు

ఇవాళ తూనీగ దీపాలు స్పష్టంగా కనబడ్డాయి. ఎల్లుండికి తాడు వేసేంత దగ్గరికి వస్తుందన్నారు.

బంతి లేచింది. ఆకులు ఎత్తుతూ చివరికి వచ్చాను. బంగారమ్మ మామ్మ కూర్చునే ఉంది. నాకు ఒళ్ళు మండింది. బంతి అయిపోయింది, లే మామ్మా అన్నాను.

"అయిపోయిందని ఎవరన్నారు?" అంది.

చారు అయింది కదా అన్నాను.

"చారుతో బంతి అవుతుందేంట్రా. ఇంకో వరస ఉంది."

గిన్నెలు పట్టుకుని వెళ్ళబోయాను. రెండడుగులు వేశాక నా కాలు నిజంగా తడబడింది. ఈసారి నటన కాదు, చారు గిన్నె నా మీదే పడింది.

ఇంకో వరస ఉంది. పప్పు, కూర, పులుసు, చారు. తర్వాత? ఫ్రిజ్ గది చచ్చినప్పటి నుంచీ మా బంతి చారుతో లేస్తోంది. మెషీనుకి వరస ఎక్కించమన్నప్పుడు నేను రోజూ ఎన్ని బకెట్లు మోస్తున్నానో అన్నే ఎక్కించాను. నాలుగు. భూమ్మీద ఓబులేసుకి ఏ ఫ్రిజ్ చావలేదు. అతను వడ్డన వరస అంటే తను రోజూ తినే వరసే అనుకున్నాడు. అందులో ఐదోది పెరుగు.

అంటే మా మెషీను మొదటి బంతిలోని పెరుగుని రెండో బంతిలో పప్పనుకుని వడ్డిస్తూ వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఆకులోనూ ఒకటి ఇంకోటి అయిపోయింది. సూర్యుడు తుమ్మింది కొంచెమే. మిగతా హోరంతా నాది.

రేడియో గదికి పరిగెత్తాను. చొక్కా నిండా చారు. రత్నం గారు ఏమైందన్నారు. పెరుగు మర్చిపోయానన్నాను. ఆవిడ రెండో రకంగా అడగబోయి ఆగి, మెషీను వైపు తిరిగి వరస చూశారు. నాలుగు.

తిట్టమన్నాను. తూనీగకి నన్ను పంపించెయ్యమని కూడా అన్నాను.

"మీరు కోతలు కోసినప్పుడల్లా మూడుసార్లు అడిగి పట్టుకున్నాను. నిజం చెప్పినరోజు ఒక్కసారే అడిగాను. తప్పు నాది" అన్నారు.

దాచిపెట్టిన హోరుని తీసి ఐదు వరసలతో మళ్ళీ విప్పారు. మెషీను కూర్చుంది. సాక్షులు ఒకరినొకరు పలకరించుకున్నారు. పోయిన అక్షరాలు ఒకటొకటిగా వాటి చోట్లోకి వచ్చి చేరాయి. పచ్చ దీపం.

మొదట వినబడింది తోడు రాత కాదు. ఎవరి అమ్మో, ఐదు రోజుల తిట్లు గుక్కతిప్పుకోకుండా తిడుతోంది. ఆ పంచాయితీ ఆవిణ్ణి పిలుచుకొచ్చాను. నిలబడి మొత్తం వింది. ఎంత స్పష్టంగా ఉంది అంది, కళ్ళు తుడుచుకుంటూ.

పెరుగు రోజు

కూర ఏమిటో గుర్తు లేదు. ఇవాళ్టికి కూర పేరు పెట్టడం అన్యాయం.

రాత మొత్తం వచ్చింది, అక్షరం పొల్లు పోలేదు. మెషీను తోడు తయారుచేసింది. నిన్న పొద్దున పాలలో వేశాం. ఇవాళ గిన్నె వంచితే కదల్లేదు. దాలినాయుడు గారు మొదటి గరిటె తిని, బాగుంది అన్నాడు. ఒక్కసారే. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆయన నోటి నుంచి ఒక మాట ఒక్కసారే రావడం అదే మొదలు. చాటింపు రద్దయింది. పెరుగు, మజ్జిగ, ఆవడ అని ఎవరు ఎంతసేపైనా అరవచ్చు.

తూనీగవాళ్ళు తాడు వేశారు. రత్నం గారు వాళ్ళకి ఒక గిన్నెడు తోడు పంపించారు. తాను వెళ్ళలేదు. తాళం చెవికి కట్టిన ఎర్ర దారం విప్పేసి, ఆ దారంతోనే నా చారు గిన్నె చెవి బిగించారు. అది ఊగుతోందని ఎప్పటినుంచో చూస్తున్నారట.

ఇప్పుడు ఇది పైకి చదువుతున్నాను కాబట్టి ఒక్క సంగతి సర్దుకోవాలి.

బంగారమ్మ మామ్మ అనే మనిషి ఈ ఊళ్ళో లేదు. నేనే పుట్టించాను.

తలుపు పక్కన చివరి ఆకు రత్నం గారిది. అందరూ లేచాక లేవకుండా కూర్చున్నది ఆవిడ. పెరుగు కోసం కాదు. ములక్కాడ రోజున బంతి అయిపోయింది లేవండి అంటే, "అయిపోయిందని ఎవరన్నారు? వడ్డించే మనిషి ఇంకా తినలేదు. ఇంకో వరస ఉంది" అన్నారు. ఆ మాట నాకు రెండు చోట్ల తగిలింది. ఒకటి మెషీను దగ్గరికి పరిగెత్తించింది. రెండోది పైకి చదివే కాగితంలో రాయడానికి సిగ్గేసి ముసలమ్మని కూర్చోబెట్టాను.

అయితే నాకొకటి అర్థం కాలేదు. ఉన్నవాళ్ళం ఇంతమందిమి, అందరి ఆకులూ నేనే వేస్తాను. వారం వారం ఇది చదివితే ఎవరీ బంగారమ్మ అని ఒక్కరూ అడగలేదేం? ఇప్పుడు తలెత్తి చూస్తే అందరూ ఆకుల్లోకి చూసుకుంటూ నవ్వుతున్నారు. నేను ఎక్కడ ఏ పేరు మార్చినా, మిగతాది చూసి సరైన పేరు పెట్టుకునే విన్నారన్నమాట. నాకు ఊరంతా సాక్షులే.

దాలినాయుడు గారు మౌఢ్యం ఎప్పుడు విడుస్తుందని అడుగుతున్నాడు. మళ్ళీ అడుగుతున్నాడు. ఇదిగో, మూడోసారి.

చివరి ఆకు దగ్గర ఆవిడ ఇంకా కూర్చునే ఉన్నారు. పక్కన ఇంకో ఆకు వేసి ఉంది. ఇవాళ అది నేను వేసింది కాదు. చదవడం ఇక్కడితో ఆపుతాను, పెరుగు పులిసిపోతుంది.